మా బండికి అనుభవదారు ఎవరు?

ప్రభుత్వం మంచి ఉద్దేశంతోనే అడిగింది. ఆ మాట ముందే చెప్పెయ్యడం న్యాయం.

ఈ మధ్య ప్రతిదానికీ జనం అభిప్రాయం అడగడం పైవాళ్ళకి ఒక సరదా అయిపోయింది కదా. ఆసుపత్రిలో సూది పొడిపించుకుని వస్తుంటే ఎలా ఉందని అడుగుతున్నారు. మా పట్నంలో శ్మశానం గేటు దగ్గర కూడా మూడు బొమ్మల పలక ఒకటి పెట్టారు. నవ్వే మొహం, మామూలు మొహం, ఏడ్చే మొహం. వాటిలో నవ్వే మొహం మీద రంగు ఎందుకు అరిగిపోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అదే వరసలో, పాత కార్లు కొనుక్కున్న సంసారులు, ముఖ్యంగా ఏడుగురు కూర్చునే పెద్ద బండ్లు కొన్నవాళ్ళు, వాటితో ఎలా వేగుతున్నారో తెలుసుకుందామనుకున్నారు. "పాత వాహనముల యజమానుల అనుభవములను క్షేత్రస్థాయిలో విచారించి నమోదు చేయవలెను" అని కింది ఆఫీసులకి ఉత్తర్వు వచ్చింది.

మా పట్నంలో ఆ పనికి మనుషులు చాలక, రెవెన్యూ నుంచి ఒక అధికారిని అరువు తెచ్చారు. ఆయన పేరు ధర్మలింగేశ్వరరావు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ పొలాల రికార్డులు తప్ప వేరేవి ముట్టుకోని మనిషి. పొలం రికార్డుల్లో అనుభవం అంటే ఏమిటో సెంటు భూమి ఉన్నవాడికి కూడా తెలుసు. పట్టా ఒకడి పేరున ఉంటుంది. దున్నుకుని తినేవాడు ఇంకొకడు ఉంటాడు. ఆ తినేవాణ్ణి అనుభవదారు అంటారు. ధర్మలింగేశ్వరరావు గారు ఉత్తర్వు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివి, "ఓహో, బండి ఎవరిదని కాదు, ఎవరి అనుభవంలో ఉందో తేల్చమన్నారు" అన్నారట. పక్కనున్నవాళ్ళు ఎవరూ కాదనలేదు. ఆయన పక్కన ఉండేవాళ్ళకి కాదనే అలవాటు పోయి చాలా కాలమైంది.

అలా మొదలుపెట్టిన విచారణకి మొట్టమొదట దొరికిన బండి మాది.

నాకు బియ్యం కొట్టు ఉంది. మొన్నమొన్నటి దాకా స్కూటరే మా వాహనం. మా అమ్మాయి సుధారాణికి పెళ్ళయిన చాలా ఏళ్ళకి కడుపు పండింది. కాన్పు కష్టమైంది. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని మా ఆవిడ సత్యవేణి ద్వారకా తిరుమల వెంకన్నకి మొక్కుకుంది. "తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడితే, పుట్టు వెంట్రుకలు నీ కొండ మీదే, సొంత బండిలో తీసుకొచ్చి ఇస్తాం స్వామీ" అని. సొంత బండి అనే ముక్క ఎందుకు చేర్చావని తరవాత అడిగాను.

"కంగారులో నోటికొచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోడానికి ఇదేమన్నా వంకాయల బేరమా?" అంది.

పుట్టు వెంట్రుకలు ఏడాది లోపల బేసి నెలలో తియ్యాలి. లేకపోతే మూడో ఏడు దాకా ఆగాలి. తొమ్మిదో నెల బండి వెతకడంలో పోయింది. మిగిలింది పదకొండో నెల. ఆ నెల మొదట్లోనే బండి ఇంటికొచ్చింది.

బండి మంచిదే. కాకపోతే ఇద్దరు యజమానుల దగ్గర కాపురం చేసి వచ్చింది కాబట్టి దానికి కొన్ని అలవాట్లు ఉన్నాయి. ఎడమవైపు వెనక తలుపు కొంచెం పైకెత్తి, దేవుణ్ణి తలుచుకుని వేస్తేనే పడుతుంది. ఏసీ ముందు సీటుకి హిమాలయం, వెనక సీటుకి రెంటచింతల. మూడో వరసలో కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి, అక్కడ కాసేపు కూర్చుంటే ఎంతటివాడికైనా వినయం వస్తుంది. వెనక్కి గేరు వేస్తే పెళ్ళి సన్నాయి మోగుతుంది. అది ఎవరు పెట్టించారో, ఎలా తియ్యాలో మెకానిక్కి కూడా తెలియలేదు. ఎండ కాస్తే లోపల మొన్నటి యజమాని గారి సెంటు వాసన, వాన పడితే అంతకు ముందాయన ఎండుచేపల వాసన. నేను సాంబ్రాణి వేశాను. ఇప్పుడు మూడు వాసనలు.

ఒక ఉదయం నేను బండి కడుగుతుంటే ధర్మలింగేశ్వరరావు గారు వచ్చారు. వెనక గొలుసు భుజాన వేసుకుని సర్వేయరు వీరభద్రం.

"తాతారావంటే మీరేనా? ఈ బండి తాలూకు అనుభవం గురించి విచారణకి వచ్చాం."

ప్రభుత్వం మా గుమ్మంలోకి వచ్చి అడిగినందుకు నాకు నిజంగానే సంతోషం వేసింది. "రండి రండి. అనుభవం చాలా బాగుందండి. ఆ తలుపొక్కటే కాస్త..."

"బాగుందా, బాగోలేదా అన్నది మాకు అప్రస్తుతం. ఎవరిది?"

"ఏదండీ?"

"అనుభవం."

"నాదేనండి."

"ఆధారం?"

అనుభవానికి ఆధారం ఏం చూపించాలో తోచలేదు. "నడుం నొప్పి ఉందండి" అన్నాను.

"నడుం నొప్పి శిస్తు రసీదు కాదు" అని ఆయన వీరభద్రం వైపు తిరిగారు. "హద్దులు రాసుకో."

వీరభద్రం గొలుసు దింపి బండి చుట్టూ తిరిగాడు. తూర్పున పక్కింటి చిట్టిబాబు గోడ. పడమర మురుగుకాలవ. ఉత్తరాన కరెంటు స్తంభం. దక్షిణాన మా అరుగు. అన్నీ చక్కగా చెప్పాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"అయ్యా, నాకో సందేహం. బండి కదిలితే హద్దులు మారిపోతాయి కదండీ?"

ఆయన నా వైపు తిరిగారు. "మీరు ఏం చదువుకున్నారు?"

"పదో తరగతండి."

"మంచి పాయింటు పట్టారు. హద్దులు మారిపోతే విచారణకి అర్థమే లేదు. కావున విచారణ పూర్తయ్యేవరకూ సదరు వాహనం కదలరాదు."

సాయంత్రానికి బండి నాలుగు మూలలా నాలుగు సర్వే రాళ్ళు పాతేశారు. మా ఆవిడ చేతిలో చేట పట్టుకుని బయటికొచ్చి చూసింది.

"ఏటండీ ఇది? బండికి పునాది వేస్తున్నారా?"

"కొలతల కోసమమ్మా" అన్నాడు వీరభద్రం వినయంగా.

"కొలిచారుగా. మరి రాళ్ళెందుకు?"

"రాళ్ళు లేకపోతే కొలిచినట్టు ఎవరు నమ్ముతారండీ?"

మర్నాడు వీధిలో దండోరా వేయించారు. బండి అనుభవంలో హక్కున్నవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చునని. నాకు నవ్వొచ్చింది. కొన్నదాన్ని ఎవరొచ్చి ఏం చెప్పుకుంటారు? తెల్లారేసరికి మా అరుగు ముందు జనం.

ముందు నిలబడింది మా చిట్టిబాబే. నన్ను బాబాయి అని, మా ఆవిణ్ణి పిన్ని అని పిలుస్తాడు. పండగకి మా ఇంట్లో మొదటి బూరె తినేది వాడే.

"బాబాయ్, ఏమనుకోకు. న్యాయం న్యాయమే" అని అధికారి వైపు తిరిగాడు. "అయ్యా, ఈ బండి వచ్చిన దగ్గర్నుంచీ దాని నీడలో మడత కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నానండి. ఆ నీడ నా అనుభవంలో ఉందండి."

"నీడ ఏ వైపు పడుతుంది?"

"పొద్దున్న ఇటండి. సాయంత్రం అటండి."

"రెండు పంటలు" అని రాయించారు ధర్మలింగేశ్వరరావు గారు.

చిట్టిబాబు వెనక, బానెట్ మీద మిరపకాయలు ఎండబెట్టుకునే ఎదురింటావిడ. ఆవిడ వెనక, బస్సు కోసం నిలబడి పక్క అద్దంలో బొట్టు సరిచూసుకునే కాలేజీ పిల్లలు. మొన్నటి యజమాని ఊరి నుంచి కబురు పెట్టాడు, లోపల తన సెంటు వాసన ఇంకా ఉంది గనక తన అనుభవం ఇంకా కొనసాగుతున్నట్టేనని. ఆ కబురు ఎవరు చేరవేశారో గాని ఎండుచేపలాయన కూడా సిద్ధమవుతున్నాడని విన్నాం. ఆయన వాన కోసం చూస్తున్నాడట.

బండి కింద రోజూ పడుకునే వీధి కుక్క దగ్గర విచారణ కాసేపు ఆగింది.

"నోటిమాట కౌలు అనుకోవచ్చాండీ?" అన్నాడు వీరభద్రం.

"నోరులేని జీవానికి నోటిమాట కౌలు ఎలా కుదురుతుందయ్యా? ఆక్రమణ అని రాయి."

కుక్క ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ పడుకుంది. ఆ రోజు విచారణలో కలత చెందనిది అదొక్కటే.

నెల జరిగిపోతోంది. మా ఆవిడ మనవడి జుట్టుకి నూనె రాసినప్పుడల్లా గోడకున్న పంచాంగం వైపు చూసేది. వాడి జుట్టు కళ్ళ మీదకి వచ్చేస్తోంది. ఇంక ఒక్క మంచి రోజే మిగిలిందని పంతులుగారు చెప్పారు.

"బస్సులో వెళ్ళొచ్చేద్దామే. స్వామి ఏమన్నా మన బండి కాగితాలు అడుగుతాడా?" అన్నాను.

"అడగడు. అడగనివాడి దగ్గరే అబద్ధం ఆడకూడదు" అంది.

నేను రోజూ గంటసేపు పూజ చేస్తాను. ఆవిడ దీపం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అయినా ఇలాంటి మాటలు ఆవిడకే వస్తాయి.

ఆఖరి విచారణ బండి దగ్గరే జరిగింది. ధర్మలింగేశ్వరరావు గారు మా అరుగు మీద కుర్చీ వేయించుకుని గొంతు సవరించుకున్నారు.

"హక్కుదారులు అనేకులున్నప్పుడు చూడవలసింది ఒక్కటే. అవిచ్ఛిన్నమైన అనుభవం ఎవరిది? యజమానులు మారారు. నీడలు మారాయి. మొదటి నుంచి నేటి వరకూ ఈ వాహనంలోంచి ఒక్కసారి కూడా దిగనివారు ఎవరైనా ఉన్నారా?"

వీరభద్రం ముందు అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూశాడు.

"ఒకాయన ఉన్నాడండి."

స్టీరింగు పక్కన బొటనవేలంత ఇత్తడి వెంకటేశ్వరస్వామి. మొదటి యజమాని అంటించిందట. ఏ జిగురో గాని స్వామి కదలడు. రెండో ఆయనకీ రాలేదు, నేను ప్రయత్నించలేదు. రోజూ ఒక పువ్వు పెడతాను.

ధర్మలింగేశ్వరరావు గారు చెప్పులు విడిచి లేచి నిలబడ్డారు. "స్వామివారు ఆది నుంచీ, బహిరంగంగా, నిరాటంకంగా, ఎవరి అభ్యంతరమూ లేకుండా అనుభవిస్తున్నారు!"

నాకు మనసు తేలికైంది. "అంతేగదండీ. అంతా ఆయనదే, మనదేముందని నేను రోజూ అంటూనే ఉంటాను."

"రోజూ అంటున్నారా? వీరభద్రం, ఒప్పుకోలు రాసుకో."

గుమ్మంలోంచి మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

"అయితే ఒక చిక్కుంది" అన్నారాయన. "చట్టం దృష్టిలో దేవుడు ఎప్పటికీ మైనరు. మైనరు చేతికి బండి ఎలా అప్పగించారు?"

"ఆయన నడపడండీ. చూస్తూ ఉంటాడంతే."

"ఆ సంగతి ఆయనే చెప్పాలి. నోటీసు ఇవ్వాలి. అదీ శాశ్వత చిరునామాలో."

"శాశ్వతమంటే వైకుంఠమే కదండీ" అన్నాను. నాకు తెలిసింది నేను చెప్పాను.

"అది మా పరిధిలోకి రాదు."

"తిరుపతి కొండ?"

"జిల్లా దాటితే టీఏ బిల్లు పాసవ్వదు."

"మరి చిన్న తిరుపతో బాబూ?" అంది మా ఆవిడ. ఎప్పుడొచ్చిందో, పిల్లాణ్ణి చంకనేసుకుని అరుగు అంచున నిలబడి ఉంది. "ద్వారకా తిరుమల మన జిల్లాయేగా?"

"జిల్లాయే."

"అక్కడికెళ్ళి నోటీసిస్తే, ఏ బండి గురించి అని స్వామి అడిగితే? చూపించొద్దూ?"

ఆయన ఆలోచించారు. "చూపించవలసిందే. వివాదాస్పదమైన ఆస్తిని హాజరుపరచాలి."

"మరి ఈయన?"

"ఒప్పుకోలు ఇచ్చినవారు తప్పనిసరిగా రావాలి."

"మేమంతా ఈయనతో కలిసి ఉంటున్నాం బాబూ. నేనూ, అమ్మాయీ, ఈ పిల్లాడూ."

"కుటుంబం యావత్తూ హాజరు కావలెను" అన్నారు ధర్మలింగేశ్వరరావు గారు ఠీవిగా. "ఎప్పుడన్నది కార్యాలయం నిర్ణయిస్తుంది."

"శుక్రవారం దశమి. చాలా మంచిదన్నారు పంతులుగారు" అంది మా ఆవిడ.

కార్యాలయం శుక్రవారమే నిర్ణయించింది.

హద్దులు లేకుండా ఆస్తి కదలకూడదు కాబట్టి నాలుగు రాళ్ళూ పెకలించి డిక్కీలో వేశారు. బండి ఎక్కడ ఆగితే అక్కడ పాతాలని వీరభద్రానికి ఆజ్ఞ. వెనక్కి గేరు వేస్తే సన్నాయి మోగింది, ఎదురింటావిడ మిరపకాయలు ఎత్తుకుంటూ మా మీద నాలుగు అక్షింతలు కూడా చల్లింది. నడిపేది నేను, ముందు సీట్లో నా పక్కన ధర్మలింగేశ్వరరావు గారు. మధ్య వరసలో మా ఆవిడ, అమ్మాయి, పిల్లాడు. అల్లుడికి సెలవు దొరకలేదు. మూడో వరసలో వీరభద్రం, చిట్టిబాబు. చిట్టిబాబు నీడ హక్కు కాపాడుకోడానికి వస్తున్నానన్నాడు. మా అమ్మాయికి అన్నదమ్ములు లేరు. పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోడానికి వరసకి మేనమామ వాడే. వాడు చెప్పకపోయినా వచ్చింది అందుకని మాకు తెలుసు. మడత కుర్చీ మాత్రం వదల్లేదు.

ఊరు దాటేసరికి అధికారి గారి తల పక్కకి వాలింది. చల్లగాలి ఆయన మొహం మీదే కొడుతోంది. వెనకనుంచి చిట్టిబాబు, "బాబాయ్, ఇక్కడికి గాలి రావట్లేదు" అని ఒకసారి, "బాబాయ్, ఇక్కడికి ప్రాణం కూడా రావట్లేదు" అని ఇంకోసారి అన్నాడు.

మా ఆవిడ ముందుకి వంగి అధికారిని లేపింది. "బాబూ, నోటీసు ఇచ్చేశాక బండి ఎవరిదవుతుంది?"

"ప్రతివాది సమాధానం ఇచ్చేవరకూ పెండింగమ్మా" అని ఆయన మళ్ళీ నిద్రపోయారు.

మా ఆవిడ వెనక్కి జారబడింది. పిల్లాడి తల నిమురుతూ, ఎవరితోనూ కాకుండా, "పెండింగు బండి" అంది.

పామాయిల్ తోటల మధ్య రోడ్డు మీద వెనక టైరు పేలింది. అందరూ దిగారు. చిట్టిబాబు కుర్చీ వేశాడు, అధికారి గారు దానిలో కూర్చున్నారు. వీరభద్రం రాళ్ళు పాతబోతే, "ముందు చక్రాలకి అడ్డం పెట్టవయ్యా, బండి జారుతుంది" అన్నాను. ఆ రాళ్ళు పుట్టిన తరవాత చేసిన మొదటి పని అదే అయ్యుంటుంది.

ఇలాంటి బండ్లకి స్టెప్నీ కింద, పొట్టకి వేలాడుతూ ఉంటుంది. కమ్మీ పెట్టి తిప్పితే దిగాలి. మాది ఇద్దరు యజమానుల తుప్పు తిని బిగుసుకుపోయింది. నేను చొక్కాతోనే ఎర్రమట్టిలో వెల్లకిలా పడుకుని కిందకి దూరాను.

"చిట్టిబాబూ, ఒక చెయ్యి వెయ్యరా."

"నాకు నీడ మీదే హక్కు బాబాయ్, టైరు మీద లేదు. రేపు ఇదో కేసవుతుంది."

"వీరభద్రం గారూ?"

"నాది హద్దుల వరకేనండి. హద్దుల లోపల ఎంటరయితే మెమో ఇస్తారు."

కుర్చీలోంచి ధర్మలింగేశ్వరరావు గారు, "తొందరేం లేదు, నిదానంగా కానివ్వండి. ప్రభుత్వం వేచి ఉంటుంది" అన్నారు.

నా మీద తుప్పు రాలింది, తరవాత గ్రీజు, ఆఖరికి టైరే నా పొట్ట మీద దిగింది. నేను మళ్ళీ రోడ్డు మీదకి వచ్చేసరికి మా అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. మా ఆవిడ నవ్వలేదు. నా వీపు వైపే చూస్తూ నిలబడింది.

కొండ మీద కల్యాణకట్టలో రద్దీగా ఉంది. మా వంతు వచ్చింది. చిట్టిబాబు ఒళ్ళో తువ్వాలు పరుచుకుని పిల్లాణ్ణి కూర్చోబెట్టుకున్నాడు. క్షురకుడు వాడి తల తడిపి, గోవిందా అని కత్తి ఎత్తాడు.

"ఆగు నాయనా" అంది మా ఆవిడ.

కత్తి గాల్లోనే ఆగింది.

"సొంత బండిలో వచ్చి ఇస్తానన్నాను. ఇప్పుడొచ్చిన బండి ఎవరిదో నాకే తెలీదు. బాబూ, ఇది ఎవరిదో ఇక్కడే చెప్పండి. చెప్పాకే కత్తి."

ధర్మలింగేశ్వరరావు గారు కంగారుపడ్డారు. "అది ఉత్తర్వు ద్వారా తెలియజేయబడుతుందమ్మా. ఇక్కడ, ఇలా, నిలబడి..."

"అమ్మా, తల ఆరిపోతోంది" అన్నాడు క్షురకుడు. వెనక వరసలో గోలగా ఉంది. మళ్ళీ తడిపాడు. పిల్లాడు నాలిక చాపి, కారిన నీళ్ళు నాకాడు.

"పోనీ నేనడిగినవి చెప్పండి. దారంతా చల్లగాలి ఎవరు తిన్నారు?"

"నేనే" అన్నారాయన, చిన్నగా.

"నీడ?"

"నేనే పిన్నీ" అన్నాడు చిట్టిబాబు తలెత్తకుండా.

"మట్టిలో పడుకుని లేచింది?"

అందరూ నా వైపు చూశారు. చొక్కా వెనక ఎర్రమట్టి, ముందు గ్రీజు. చేతులు కడుక్కోడానికి కూడా నాకు వీలు కాలేదు, నమస్కారం పెట్టడానికి సిగ్గేసి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

"తినేవాణ్ణి అనుభవదారంటారటగా మీరు. మరి ఈయన్నేమంటారు మీ రికార్డుల్లో?"

ధర్మలింగేశ్వరరావు గారు కళ్ళజోడు తీశారు. తుడవలేదు, అలాగే పట్టుకున్నారు. ఆయన మొహంలో రెవెన్యూలో గడిపిన ఏళ్ళన్నీ ఒకసారి తిరిగి వచ్చినట్టు కనిపించింది.

"పంట తినేవాణ్ణి అనుభవదారంటాం తల్లీ. పంట పోయినప్పుడు గట్టు మీద తల పట్టుకుని కూర్చునేవాడు ఒకడుంటాడు. నా సర్వీసంతా చూశాను. వాడికి మా దగ్గర కాలమ్ లేదు."

"కాలమ్ సంగతి నాకెందుకు? వాణ్ణేమంటారు?"

"రైతంటారు."

"అయితే బండి ఎవరిది?"

ఆయన నా చొక్కా వైపు ఇంకోసారి చూశారు. "వారిదేనమ్మా. కానివ్వండి." అంతలోనే ఉలిక్కిపడి, "ఇది కేవలం మౌఖికం. రాతపూర్వకం కాదు" అన్నారు.

"స్వామికి రాత ఎందుకు, వినిపిస్తే చాలు" అంది మా ఆవిడ.

"మరి నోటీసో సార్?" అన్నాడు వీరభద్రం సంచీ తడుముకుంటూ.

"హుండీలో వెయ్యి."

"ముట్టినట్టు సంతకం?"

"నువ్వు నోరు ముయ్యి వీరభద్రం."

క్షురకుడు మూడోసారి తల తడిపి కత్తి ఆనించాడు. మా ఆవిడ చేతులు జోడించింది. నేనూ గ్రీజు చేతులే జోడించాను. చిట్టిబాబు ఒళ్ళో పిల్లాడు గుక్కపట్టి ఏడుపు అందుకున్నాడు. అది ఎవరి అనుభవంలో ఉందని ఎవరూ విచారించలేదు.